ఇనుము మీద ప్రార్థన నూనె

ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మిషను భాగాలను ఎంత మంచి యంత్రం మీద కోసినా ఇనుప ముఖం పూర్తిగా చదునుగా రాదు. కంటికి అద్దంలాగే కనిపిస్తుంది. ఒకదాని మీద ఒకటి పెట్టి జరిపితే మాత్రం ఒకచోట ఆనుతుంది, ఇంకోచోట ఆనదు. ఆ ఆనే చోట్లను వెతికి, చేత్తో పట్టుకున్న స్క్రేపర్‌తో వెంట్రుక కంటే పలచగా గీకి తీసేయాలి. మా ఆయన పని అదే. చిన్నతనంలో చెన్నైలో ఒక ఫ్యాక్టరీలో నేర్చుకుని వచ్చి, తిరుపతి నుంచి రేణిగుంట పోయే దారిలో మా ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకున్నారు. అరిగిపోయిన లేతులను తెచ్చుకుని, సరిచేసి పంపేవారు.

ఆ షెడ్డులోకి నేను టీ ఇవ్వడానికి తప్ప పోయేదాన్ని కాదు. మా నాయన పల్లె పల్లె తిరిగి సువార్త చెప్పినవాడు. నడక నేర్చినప్పటి నుంచి నేను వాక్యం వింటూ పెరిగాను. పెళ్లయ్యాక నాకు ఆదివారం బడి పిల్లలు, స్త్రీల కూడిక, ఇంటి పని, వీటితోనే సరిపోయేది. ఇనుము సంగతి ఆయనది, వాక్యం సంగతి నాది అని కాదు. వాక్యంలో ఆయన నాకంటే పెద్దవాడే. మా సంఘంలో ఆదివారం పెద్ద ప్రార్థన ఆయనే చేసేవారు. గొంతు పెంచేవారు కాదు. అయినా వెనక వరుసలో చంకలో బిడ్డతో నిలబడిన తల్లికి కూడా ప్రతి మాట వినిపించేది.

ఒక ఉదయం స్నానానికి పోయిన మనిషి చెంబు పట్టుకోలేకపోయాడు. పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. పక్షవాతమే గాని ప్రాణానికి భయం లేదన్నారు. కుడి చేయి పట్టు తప్పింది, మూతి కొంచెం పక్కకు పోయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఆయన ముందే నాతో చెప్పింది: "మాట పోలేదమ్మా, నాలుక మందమైంది, అంతే. మాట్లాడిస్తా ఉండండి. మూసుకుని కూర్చుంటే ఉన్నది కూడా పోతుంది."

ఆయన మాత్రం మూసుకునే కూర్చున్నారు. ఎందుకో నాకు తెలుసు. ఆసుపత్రిలో ఉండగా సంఘంవాళ్లు చూడడానికి వచ్చారు. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దగా వచ్చాయి. వచ్చినవాళ్లలో ఒకాయన, పాపం మంచి మనసుతోనే, నా వైపు వంగి, "అన్న ఏమంటా ఉండాడమ్మా?" అని అడిగాడు. ఆయన కళ్లు తెరిచి మా ఇద్దరినీ చూశారు. మళ్లీ నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక నీళ్లు కావాలన్నా చేయి చూపించడమే. భోజనం దగ్గర ప్రార్థన నేనే చేసేదాన్ని. ఆయన తల వంచుకునేవారు, చివర్లో ఆమేన్ కూడా అనేవారు కాదు. చేయి పోతే పోనీ, ఆ నోరు మూతపడిపోతే నాకు మిగిలేది సగం మనిషే అనిపించేది. రోజూ దేవుణ్ణి అదొక్కటే అడిగేదాన్ని.

షెడ్డులో ఒక లేతు విప్పి పడి ఉంది. కార్వేటినగరం దగ్గర వర్క్‌షాపు పెట్టుకుని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు షాఫ్టులు చేసిచ్చే ఒకాయనది. అతను వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. అన్నా అన్నా అని చాలాసేపు మాట్లాడాడు. చివరికి నావైపు తిరిగాడు.

"ఏమీ అనుకోవద్దు అక్కా. కాయ దిగేలోపల నాకు మిషను గావాల. అన్న ఇట్లుండే. మద్రాసుకు ఎత్తకపోయి సేయించుకుంటా."

మా ఆయన గోడ వైపు తిరిగారు.

"ఈడనే అవతాది లేబ్బా" అన్నాను.

"ఎవరు సేసేది?"

"నేనే."

అతను నవ్వు ఆపుకున్నాడు. "నీకు తెలుసునా అక్కా పని?"

"ఆయనకు తెలుసు గదా. ఆయన సెప్తాడు, నేను సేస్తా."

గోడ వైపు తిరిగిన మనిషి ఇటు తిరిగారు. ఆ చూపులో కోపమే ఉంది, కానీ అన్ని రోజుల తర్వాత నన్ను సూటిగా చూడడం అదే. ఆ లేతు లారీ ఎక్కి వెళ్లిపోతే ఆయనకు గోడను తప్ప చూడడానికి ఏమీ ఉండదని నాకు భయం. అందుకే అలా అన్నాను. ధైర్యం ఉండి కాదు.

మర్నాడు ఆయన్ను షెడ్డులోకి నడిపించుకుపోయి ఇనుప కుర్చీలో కూర్చోబెట్టాను. స్క్రేపర్ చేతికి ఇచ్చారు. పాత ఆకురాయి కొనను సానబట్టి చేసుకున్నది. కొన చూడడానికి వెడల్పుగా ఉంటుంది గాని, కొంచెం వంపు తిరిగి ఉంటుంది. బల్ల కింద పడున్న బీడు దిమ్మె, అంటే పోత ఇనుప ముక్క, ఒకటి చూపించి దాని మీద గీకమని సైగ చేశారు. మొదటి తోపులో స్క్రేపర్ తడి సబ్బు మీద జారినట్టు జారిపోయింది. గట్టిగా అదిమితే దిమ్మెలోకి దిగబడి గుంట చేసింది. ఆయన ఎడమ చేతిలోని స్పానరుతో కుర్చీ చేతిని ఒకసారి కొట్టారు. ఆపమని. రెండుసార్లు కొడితే కానివ్వమని. మా ఇద్దరి మధ్య అదే భాష అయింది.

చేతులతో తోస్తే రాదని తెలియడానికి చాలా రోజులు పట్టింది. స్క్రేపర్ పిడిని నడుముకు ఆనించుకుని, ఒళ్లంతా కొద్దిగా ముందుకు వాల్చాలి. వేలి గోరంత దూరం పోగానే కొన పైకి లేపాలి. అప్పుడు ఇనుము బూడిదలాంటి పొడిగా రాలుతుంది. లేపడం ఆలస్యమైతే గీత మిగులుతుంది. కొన మొద్దుబారితే ఎంత తోసినా రాదు. మాటిమాటికీ సానరాయి మీద నూరుకోవాలి. ఒకసారి ఒక వాలులో గీకితే మరుసటిసారి దానికి అడ్డంగా గీకాలి, లేకపోతే ఇనుము మీద అలలు లేస్తాయి. ఇవేవీ ఆయన నోటితో చెప్పలేదు. నా మోచేయి పట్టి తిప్పారు, స్పానరు కొట్టారు, ఒకటి రెండుసార్లు కుర్చీలోంచి లేవబోయి కూలబడ్డారు.

దిమ్మె మీద చేయి కుదిరాక లేతు పని మొదలుపెట్టించారు. లేతులో కోత పనిముట్టును అడ్డంగా నడిపే భాగాన్ని స్లైడు అంటారు, దాని కింది ముఖం అరిగి ఉంది. మా షెడ్డులో సర్ఫేస్ ప్లేటు అని ఒక పెద్ద ఇనుప పలక ఉంది. చదును అంటే ఏమిటో చెప్పేది అదే. దాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, అరచేత్తో రాసి, చర్మానికి పొడిగా తగిలేదాకా శుభ్రం చేయాలి. ట్యూబులోంచి నీలం రంగు తీసి దాని మీద ఉందా లేదా అన్నంత పలచగా పూయాలి. చిన్న కప్పీ గొలుసుతో స్లైడును దించి, దాని మీద కొద్దిగా జరిపి, మళ్లీ ఎత్తాలి. నీలం అంటుకున్న చోటల్లా ఎత్తు. ఆ నీలాన్నే గీకాలి. తుడిచి, మళ్లీ పూసి, మళ్లీ దించాలి.

మొదట రెండు మూలల్లోనే నీలం పడింది. అవి గీకితే మధ్యలో ఒక మచ్చ వచ్చింది. అది గీకితే పక్కన ఇంకొకటి. లోయలు పూడాలి, కొండలు తగ్గాలి అన్న ప్రవక్త మాటను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఇనుములో లోయను పూడ్చడం ఎవరి వల్లా కాదని అప్పుడు తెలిసింది. కొండే దిగిరావాలి. అంతా దిగివస్తేగాని పల్లంలో ఉన్నదానికి రంగు అందదు. వారమంతా గీకినా చెయ్యంత వెడల్పున్న ముఖం మీద చెదిరిన మచ్చలే. చంకలు, నడుము పచ్చి పుండ్లయ్యాయి. కాయ దిగే రోజులు దగ్గర పడుతున్నాయి. ఆయన నోరు విప్పలేదు.

ఆ నీలం సబ్బుకు పోదు. ఆ ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె అందుకుంటుంటే నా చేతులు చూసి పక్కనున్న సోదరి తెల్లబోయింది. బయటికి రాగానే పట్టుకుంది.

"ఏంక్కా, పది వేళ్లకూ ఓటేసినావా? యాడ పెట్టినారు ఎలక్షను?"

సంగతి చెప్పాను. నవ్వడం ఆపేసింది. ఆ మాట మా సంఘంలో అందరికంటే పెద్దదైన అవ్వ చెవిన పడింది. నెత్తిన గంపతో ఆకుకూరలమ్మి బిడ్డలను పెంచిన మనిషి. రోగులున్న ఇంటికి ఎవరూ పిలవకుండానే పోయి ప్రార్థన చేసేది. శుక్రవారం ఉపవాసం ఉండి, సాయంత్రం పదిమంది ఆడవాళ్లను వెంటేసుకుని, ప్రార్థన చేసిన నూనె సీసా కొంగున కట్టుకుని మా షెడ్డుకు వచ్చింది.

"ఏమబ్బయ్యా" అంది ఆయన ఎదురుగా నేల మీద చతికిలబడి. "నోరు యాడ దాసిపెట్టినావు? ఊరందరి కోసం అంతసేపు ప్రార్థన సేసినోడివి, నీకోసం ఒక్క మాట అడగలేవా? సిగ్గా? నాకు సూడు, పండ్లే లేవు. నేను మాట్లాడ్డం మానినానా?"

ఆడవాళ్లు నవ్వారు.

అందరం మోకరించాం. అవ్వ ఆయన నుదుటికి, పెదవులకు, కుడి చేతికి నూనె రాసింది. తర్వాత లేచి షెడ్డు కలియజూసింది. "ఈ ఇనుం గూడా దేవునిదే గదా. ప్రవక్త కోసం నీళ్లలో మునిగిన గొడ్డలిని తేల్చినోడికి ఇదొక లెక్కా?" అంటూ సర్ఫేస్ ప్లేటు మీద, తిరగేసి ఉన్న స్లైడు మీద సీసా వంచి చేత్తో బాగా రాసింది. నా కళ్లవెంట నీళ్లు కారాయి. అంత మంది నా ఇనుము కోసం కూడా ఏడ్చి ప్రార్థన చేస్తారని నేను అనుకోలేదు.

తెల్లారి ఆయన ఇంకా లేవకముందే షెడ్డులోకి పోయాను. నీలం పూయబోయే ముందు తుడవాలి. కిరసనాయిలు గుడ్డ చేతిలోకి తీసుకున్నాను కూడా. కన్నీళ్లతో ప్రార్థన చేసి పోసిన నూనెను మురికి గుడ్డతో తుడిచిపారేయడానికి చేయి రాలేదు. తుడవకుండానే దాని మీద నీలం పూశాను. స్లైడు దించి జరిపాను. ఎన్నడూ లేనంత మెత్తగా, చప్పుడు లేకుండా జరిగింది. గొలుసు లాగి ఎత్తాను.

ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నీలం. ఎక్కడా ఖాళీ లేదు.

స్లైడు పక్కనే మోకరించాను. ఎంతసేపు స్తోత్రం చెప్పానో తెలియదు. లేచి అవ్వను పిలుచుకొచ్చాను. మా సంఘ కాపరికి, ఆయన్ను మేమంతా అయ్యగారంటాం, ఫోను చేశాను. ఆ చేత్తోనే లేతు ఆయనకు కూడా చేసి, పనైపోయిందబ్బా, వచ్చి ఎత్తుకపో అని చెప్పాను.

మా ఆయన కర్ర పట్టుకుని షెడ్డు దాకా వచ్చేసరికి జనం నిండిపోయి ఉన్నారు. ఎవరో జరిగి దారి ఇచ్చారు. ఇనుప కుర్చీలో కూర్చోబెట్టారు. అయ్యగారు ఆయన భుజం మీద చేయి వేసి, "అన్నా, దేవుడు నీ పని తానే సేసిపెట్టినాడు. ఆదివారం సాక్ష్యం సెప్పాల" అన్నారు. అవ్వ పాట ఎత్తుకుంది. అందరూ చప్పట్లతో అందుకున్నారు.

ఆయన స్లైడు వైపు చూశారు. వంగి, ఎడమ చేతి చూపుడు వేలితో ఆ నీలాన్ని తాకి, వేలూ బొటనవేలూ రుద్దుకున్నారు. తర్వాత స్పానరు తీసుకుని కుర్చీ చేతి మీద కొట్టారు. ఒకసారి. ఆగి, మళ్లీ ఒకసారి.

"సూడండి, అన్న తాళమేస్తా ఉండాడు!" అని ఎవరో అరిచారు. పాట ఇంకా ఊపందుకుంది.

తాళం కాదని అక్కడ నాకొక్కదానికే తెలుసు. ఒకసారి అంటే ఆపమని. నేను ఆయన వైపు చూడలేదు. చప్పట్లు కొడుతూనే ఉన్నాను. అది నిజం కావాలని నా లోపల అంత గట్టిగా ఉంది. ఆయన కొట్టే కొద్దీ వాళ్లు ఆ కొట్టుడుకు తగ్గట్టు పాడుతున్నారు. స్పానరు చేతిలోంచి జారి కింద పడింది.

"నూ... నె."

ముందు వరుసవాళ్లకు వినబడింది. పాట అక్కడక్కడా తెగి ఆగిపోయింది. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. మూతి ఒక పక్కకు లాగుతోంది. అందరి కళ్లూ ఆ మూతి మీదే ఉన్నాయని ఆయనకు తెలుసు.

"ఇనుం... ముట్టలా" అన్నారు. ఊపిరి తీసుకున్నారు. "నూనె... ముట్టింది."

ఎవరికీ అర్థం కాలేదు. నాకైంది. రంగు నూనెలో కరిగి పల్లంలోకి కూడా పాకింది. ఇనుములో ఎత్తూ పల్లమూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మాట్లాడినాడు!" అని అవ్వ గట్టిగా అరిచి ఆయన మోకాళ్లు పట్టుకుంది. "సోత్రం! అయ్యా, మాట్లాడినాడు!"

"సోత్రం... తర్వాత. ముందు... తుడు."

అవ్వ ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. "నేనే గదా పోసింది. సెడగొట్టినానా అబ్బయ్యా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. సరిపోదనుకున్నారేమో, మళ్లీ నోరు కూడదీసుకున్నారు. "నీ తప్పు... కాదవ్వా."

"తప్పంటే అనబ్బా. తిట్టు. ఇంగా నాలుగు మాటలు ఎక్కువ వస్తాయి" అంది అవ్వ, ఏడుస్తూ నవ్వుతూ. కొంగుతో ముక్కు తుడుచుకుని నావైపు తిరిగింది. "కిరసనాయిలు యాడుండాది మే?"

నేను వద్దంటున్నా వినలేదు. తాను పోసిన నూనెను తానే తుడిచింది. ప్రార్థన చేసి పోసినప్పుడు ఎంత శ్రద్ధగా రాసిందో అంత శ్రద్ధగా తుడిచింది. ఆయన కుర్చీలోంచి చూస్తూ, "మూల... ఆ మూల" అన్నారు. అవ్వ ఆ మూల మళ్లీ తుడిచింది. నేను అరచేత్తో రాసి చూశాను. పొడిగా తగిలేదాకా ఇద్దరం తుడిచాం. నీలం పలచగా పూశాను. స్లైడు దించి, జరిపి, ఎత్తాను.

నూనె పోయకముందు ఉన్న మచ్చలే. ఒక మూల గుంపుగా, మధ్యలో చెదురుగా, ఎడమ అంచున ఏమీ లేకుండా. జనం ఆ ఇనుము వైపూ నావైపూ చూశారు. ఆయన మాత్రం ముందుకు వంగి, చాలాసేపు ఆ మచ్చలను చదువుతున్నట్టు చూశారు. "ఇది... నిజం" అన్నారు.

వెళ్లేముందు అయ్యగారు ఆయన పక్కన కూర్చున్నారు. అయ్యగారి ముఖం కూడా నలిగిపోయి ఉంది. "ఆదివారం సంఘానికి ఏమని సెప్పేదన్నా?"

మా ఆయన స్క్రేపర్ వైపు చూపించారు. "ఇంకా... గీకతా ఉండాం... అని సెప్పు."

ఆ తర్వాత నన్ను చాలామంది అడిగారు, అది అద్భుతమా కాదా అని. ఇనుము మీద జరగలేదు. జరగనిదాన్ని జరిగిందని దేవుడి పేరు మీద చెప్పనీయకుండా ఆయన నోరు తెరుచుకుంది. తనకోసం ఒక్క మాట అడగనివాడు, దేవుడికి తప్పు సాక్ష్యం వస్తుందనేసరికి ఊరుకోలేకపోయాడు. నేను అడిగింది ఆయన మాటనే కదా. ఎట్లా ఇవ్వాలో నేను చెప్పలేదు. నా మట్టుకు నేను ఆ నూనె వృథా పోయిందని ఈ రోజుకీ అనుకోను. ఆయనతో ఆ సంగతి ఎత్తితే మాట్లాడరు, అంతే. స్లైడు పూర్తయ్యేసరికి మామిడికాయ కోతలు మొదలైపోయాయి.

ఆ రోజు అందరూ వెళ్లిపోయాక నాకు లేతు ఆయన గుర్తొచ్చాడు. పనైపోయిందని చెప్పేశాను కదా. లారీ మాట్లాడుకుని ఉంటాడు. సిగ్గుతో ఫోను తీశాను. ఆయన ఎడమ చేయి చాచారు, ఇటివ్వమని. స్పీకరు పెట్టి ఆయన చేతిలో పెట్టాను.

"సెప్పక్కా, బయల్దేరతా ఉండాను" అంది ఆ గొంతు.

"నే... ను."

"ఎవురు?"

"నేను. కాలేదు."

"వినపడ్లా. ఎవురు మాట్లాడేది? అక్కా, లైను సరిగా లేదు."

ఆసుపత్రిలోలాగే నావైపు చూస్తారేమో, ఫోను నాకిచ్చేస్తారేమో అని చేయి సగం చాపాను. ఆయన నన్ను చూడలేదు. ఫోనును నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నారు. పెదవులు తడుపుకున్నారు.

"పని... కాలేదు. రావద్దు."

"అన్నా? నువ్వేనా?"

"ఆ. నేనే." ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పారు. "పని ఇంకా... కాలేదు. లారీ... వద్దు. అయినాక... నేనే... సెప్తా."

"సరే అన్నా" అన్నాడతను. ఆ గొంతు మారిపోయింది. "సరే, సరే. నువ్వే సెప్పు. నువ్వు సెప్పినాకనే వస్తా."

ఆయన ఫోను ఒళ్లో పెట్టుకున్నారు. చొక్కా మెడ దగ్గర చెమటకు తడిసి ఉంది. కాసేపు కళ్లు మూసుకున్నారు, ప్రార్థనేమో, అలసటేమో. తర్వాత స్లైడు మీద నీలం పడని ఎడమ అంచును, నీలం గుంపుగా ఉన్న మూలను ఒకదాని తర్వాత ఒకటి గడ్డంతో చూపించారు.

"ఆడొద్దు. ముందు... ఈ మూల."

నేను స్క్రేపర్ నూరుకుని, పిడి నడుముకు ఆనించుకున్నాను.